తూము మూసిన ఇల్లు

మొహెంజొదారో గురించి చదివినప్పుడల్లా నాకు మా తాతగారి మండువా లోగిలి గుర్తుకు వస్తుంది. 1920లలో తవ్వకాలలో బయటపడిన ఆ సింధు నగరంలో, సుమారు 4500 ఏళ్ళ కిందటే, ఇళ్ళ నీరు కాల్చిన ఇటుకల కాలువల గుండా వీధి కాలువలో కలిసేది. మట్టీ చెత్తా అడుగున పేరుకొనేందుకు మధ్యలో చిన్న గుంటలు ఉండేవి. గుంట ఉన్నదంటే, దానిలోని పూడిక తీసే మనిషీ ఉండి ఉండాలి కదా!

మండువా ఇంటి ఏర్పాటు చూడండి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలుతుంది. చూరునీళ్ళన్నీ నడిమి పల్లంలో పడి, ఒక మూలనున్న తూము గుండా పెరటి కాలువలోకి పోతాయి. వానను నట్టింటికి పిలిచినవారు దానికి బయటి దారీ చూపించారు.

మా పెద్దలు పోయాక పెరడు పంపకాలకు వచ్చింది. కాలువ ఉన్న భాగం వేరొకరి వాటాకు పోగా, వారు దానిని పూడ్చివేశారు. నీరు ఎదురు తన్నుతోందని మేమూ తూముకు సిమెంటు పూశాము. రెండు వానాకాలాలు నీరు మండువాలోనే నిలిచింది. మట్టిగోడ అడుగు నాని, ఒక రాత్రి పడమటి గది కూలింది. ఆ రాత్రి అందులో ఎవరూ పడుకోకపోవడం మా అదృష్టం.

చరిత్రకారులు కాలువలు కట్టినవారిని కొనియాడతారు. ఏటా తొలకరికి ముందు గునపం పట్టి తూములో పూడిక తీసిన మా తాతగారిని తలచుకుంటూ నేనీ నాలుగు మాటలు రాశాను. మీ పాత ఇంటి తూము ఎటు పోయేదో మీకు జ్ఞాపకమున్నదా?