వెబ్‌సైట్ పేరు కొంటున్నారా? మీ ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఎవరికి కనిపిస్తాయో చూసుకోండి

ఇంట్లోనే బుర్ఖాలు, చుడీదార్లు కుట్టి అమ్మే ఒక ఆపా తన వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టాలనుకుంది అనుకుందాం. మంచి పేరు చూసుకుని డబ్బు కట్టింది. ఫారంలో పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఈమెయిల్ అడిగితే ఉన్నవి ఉన్నట్టు రాసింది. షాపు లేదు కాబట్టి ఆ అడ్రస్ ఇంటిదే, ఆ నంబర్ తన సొంతదే. ఈ వివరాలు ఎక్కడికి పోతాయి? ఎవరు చూడగలరు? డబ్బు కట్టకముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

వివరాలు ఎందుకు అడుగుతారు?

వెబ్‌సైట్ పేరునే డొమైన్ అంటారు. దాన్ని మనకు అమ్మే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి పేర్లకు నియమాలు పెట్టేది 1998లో అమెరికాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. మన దేశపు డాట్ ఇన్ పేర్లను చూసేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా.

ఫలానా డొమైన్ ఎవరిదో చెప్పే రికార్డును హూఈజ్ అంటారు. ఇది 1980ల నాటి పద్ధతి. అప్పట్లో నెట్‌వర్క్ వాడేవాళ్లు కొద్దిమందే. ఏదైనా చెడిపోతే ఎవరికి చెప్పాలో తెలియడానికి పేరు, ఫోన్ నంబర్ అందరికీ కనిపించేలా పెట్టారు. తర్వాత కోట్లాది మంది డొమైన్లు కొన్నా ఆ అలవాటు మాత్రం పోలేదు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైసా కట్టకుండా యజమాని ఇంటి అడ్రస్ చూడగలిగేవారు. వెబ్‌సైట్ డిజైన్ చేస్తామని, లోన్ ఇప్పిస్తామని ఫోన్లు చేసేవాళ్లకు నంబర్లు దొరికిన చోట్లలో ఇదీ ఒకటి.

2018లో ఏం మారింది?

యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2018 మే 25న అమల్లోకి వచ్చింది. దానికి వారం ముందే ఐకాన్ తన నియమాలు మార్చింది. అప్పటినుంచి డాట్ కామ్ లాంటి పేర్లకు చాలామంది రిజిస్ట్రార్లు వ్యక్తి పేరు, వీధి అడ్రస్, ఫోన్, ఈమెయిల్ దాచి చూపిస్తున్నారు. 2025 జనవరి నుంచి ఈ పేర్ల విషయంలో హూఈజ్ స్థానంలో ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి వచ్చింది.

అయినా రాష్ట్రం, దేశం మామూలుగా కనిపిస్తాయి. 'సంస్థ పేరు' అనే గడిలో ఏదైనా రాస్తే అదీ కనిపించవచ్చు. ఇంకో మాట. ఒకప్పుడు బయటపడ్డ వివరాలను కాపీ చేసి దాచుకుని అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఇప్పుడు దాచినంత మాత్రాన పాత కాపీలు చెరిగిపోవు. అందుకే మొదటి రోజే జాగ్రత్త పడాలి.

ప్రైవసీ సర్వీస్ అంటే?

మీ వివరాల బదులు వేరే కంపెనీ అడ్రస్, వేరే ఈమెయిల్ చూపించే సేవ ఇది. కొందరు రిజిస్ట్రార్లు ఉచితంగా ఇస్తారు, కొందరు ఏడాదికింత అని తీసుకుంటారు. డబ్బు అడిగితే వెంటనే కట్టేయకండి. ప్రైవసీ సర్వీస్ లేకపోతే ఏ వివరాలు కనిపిస్తాయో ముందు అడగండి. మామూలుగానే దాచి ఉంచేటట్లయితే అదనంగా కట్టాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

డాట్ ఇన్ పేర్లకు ఇలాంటి ప్రైవసీ సర్వీస్‌ను అనుమతించరు. వ్యక్తి పేరు, అడ్రస్, ఫోన్ లాంటివి మాత్రం పబ్లిక్ రికార్డులో దాచే ఉంచుతున్నారు. ఏ సేవ తీసుకున్నా పోలీసులు, కోర్టులు చట్టప్రకారం అడిగితే రిజిస్ట్రార్ వివరాలు ఇవ్వాల్సిందే. బయటివాళ్ల కళ్లనుంచి కాపాడుకోవడానికే ఇది, చట్టంనుంచి దాక్కోవడానికి కాదు.

దొంగ అడ్రస్ ఇస్తే పోలా?

వద్దు, పేరే పోతుంది. ఐకాన్ నియమాల ప్రకారం తప్పుడు వివరాలు ఇచ్చినా, వివరాలు సరైనవేనా అని రిజిస్ట్రార్ అడిగితే 15 రోజుల్లో జవాబివ్వకపోయినా డొమైన్‌ను ఆపేయవచ్చు, రద్దు చేయవచ్చు. వాడని ఈమెయిల్ ఇస్తే ఇంకో నష్టం. గడువు ముగిసే ముందు వచ్చే హెచ్చరికలు మీకు చేరవు. పేరు చేజారితే వేరేవాళ్లు కొనేస్తారు. రిజిస్ట్రార్‌కు ఇచ్చేది నిజమే అయి ఉండాలి, లోకానికి కనిపించేది మాత్రం తక్కువ ఉండాలి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

'అడ్రస్ బయటపడకుండా నా పేరు మీద తీసుకుంటాలెండి' అని వెబ్‌సైట్ చేసే అబ్బాయి అంటే సులువుగానే అనిపిస్తుంది. కానీ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. రేపు అతను ఊరు మారినా, మాట తేడా వచ్చినా, ఏళ్ల తరబడి కస్టమర్లకు అలవాటైన పేరు మీ చేతిలో ఉండదు. మసీదు కమిటీ, స్కూల్, ట్రస్ట్‌లకూ ఇదే ముప్పు. అవి సంస్థ పేరు మీదే తీసుకోవాలి. సెక్రటరీ సొంత ఈమెయిల్ కాకుండా సంస్థకంటూ ఒక ఈమెయిల్ పెట్టుకోవాలి.

ఈ రోజే చేయాల్సినవి

1. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో మీ డొమైన్ పేరు కొట్టి ఏం కనిపిస్తోందో చూడండి.

2. ఇంటి నంబర్ కనిపిస్తే రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి వెళ్లి ప్రైవసీ ఆన్ చేయండి. అక్కడ ఆ వీలు లేకపోతే కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా అడగండి.

3. డొమైన్ల కోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి, వారానికోసారి తెరిచి చూడండి. వ్యాపారానికి వేరే సిమ్ ఉంటే ఇంకా మంచిది.

4. వెబ్‌సైట్‌లోని 'మమ్మల్ని సంప్రదించండి' పేజీ కూడా చూడండి. రికార్డులో దాచిన నంబర్‌ను అక్కడ మనమే రాసుకుంటే లాభం లేదు.

5. 'మీ డొమైన్ గడువు అయిపోయింది, ఇప్పుడే కట్టండి' అని మెసేజ్ వస్తే ఆ లింక్ నొక్కొద్దు. మీ అకౌంట్ మీరే తెరిచి తేదీ చూసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పిల్లలు, తమ్ముళ్లు ఎవరైనా మీ తరఫున డొమైన్ కొని ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి: 'అది ఎవరి పేరు మీద ఉంది? పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది?'