కొలతల్లో ఇమడని భుజం

దివిసీమ పొలాల్లో నాట్లు వేసి వేసి మా అమ్మమ్మ భుజాలు ముందుకు వంగిపోయాయి. ఆమె పోయాక ఫొటో ఇచ్చి గుడివాడలో గీయించిన చిత్తరువులో మాత్రం భుజాలు నిటారుగా, మెడ పొడవుగా, కళ్ళు చేపల్లా ఉన్నాయి.

ఇలాంటి దిద్దుబాటుకి చరిత్ర ఉంది. 1910లో బందరులో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ శైలి చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ శైలికి ఆద్యుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో శిల్పశాస్త్రాల నవతాల ప్రమాణాన్ని వివరించారు: ముఖం పొడవుకి తొమ్మిదింతల శరీరం, చేపలాంటి కన్ను, ఏనుగు తొండంలాంటి చేయి. ఆ కొలతలు పూజా ప్రతిమలకేనని, చిత్రకారుడికి సంకెళ్ళు కావని కూడా ఆయనే రాశారు.

బతికుండగా అమ్మమ్మనెవరూ పూజించలేదు. కూలి కూడా మగవాళ్ళకన్నా తక్కువే ఇచ్చారు. పోయాక దేవత కొలతలు తొడిగి, పనిచేసిన ఆ భుజాన్ని మేమే చెరిపించాం.