ఆరింటికి ఏడు

గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు నిజాము రాజ్యములో నున్న కాలమున రూపాయి యనగా ఒక్కటి కాదు. సర్కారు శిస్తు హాలీ సిక్కాలో చెల్లింపవలెను. బ్రిటిషు ఇలాకా సరకునకు కల్దారు రూపాయి కావలెను. రెంటి నడుమ షరాబు కూర్చుండెను. అతని వట్టమును రైతును, నేతగాడును భరించిరి. ఈ రెండు రూపాయల వెనుక నూరేండ్ల రాయబారము కలదు.

1802 ఏప్రిలులో ఈస్టిండియా కంపెనీ నిజాం అలీ ఖానుతో వర్తకపు సంధి చేసికొనెను. అప్పటి రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్. దారి పొడవున వసూలగు రహదారి సుంకములకు మారుగా సరకు విలువపై నూటికి అయిదు చొప్పున ఒకే సుంకము నిర్ణయమయ్యెను. మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కు నిజామునకు దక్కెను. చూచుటకిది ఉభయతారకమే. కాని సుంకమును తన యిచ్చ వచ్చినట్లు పెంచుకొను స్వాతంత్ర్యమును నిజాము వదలుకొనెను. అది చిన్న బేరము కాదు. నలువదేండ్ల పిమ్మట నల్లమందు యుద్ధములో ఓడిన చైనాకు ఆంగ్లేయులు విధించినదియు రమారమి ఈ నూటికి అయిదే.

సుంకము విషయమున లొంగిన హైదరాబాదు నాణెము విషయమున లొంగలేదు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు నాటికి రాజ్యమున పలుచోట్ల టంకశాలలుండెను. ఒక్కొక్కచోటి రూపాయిది ఒక్కొక్క తూకము. ఆయన ఆ గందరగోళమును తొలగించి హైదరాబాదు టంకశాలలో హాలీ సిక్కాను నెలకొల్పెను. 1858లో నాణెముపై మొగలు చక్రవర్తి పేరు పోయి అసఫ్‌జా పేరు వచ్చెను. 1876 చట్టము ననుసరించి ఆల్వారు, బికనేరు వంటి సంస్థానములు తమ నాణెములను బ్రిటిషు టంకశాలలకు అప్పగించినను హైదరాబాదు అప్పగింపలేదు.

దాని మూల్యము 1893లో తెలిసినది. ఆ జూనులో బ్రిటిషు ప్రభుత్వము తన టంకశాలలను ప్రజల వెండికి మూసివేసెను. లోకమంతట వెండి ధర పడిపోవుచుండగా కల్దారు నిలదొక్కుకొనెను. హాలీ సిక్కా వెండితో పాటు జారెను. ఈ మూతకై పట్టుబట్టిన కలకత్తా వర్తకుల నాయకుడు జేమ్స్ మెకే. 1902 సెప్టెంబరులో షాంఘైలో చైనా అధికారులు లూ హైహువాన్, షెంగ్ షువాన్‌హువాయ్‌లతో సంధి కుదిర్చినవాడును ఇతడే. లికిన్ అను లోనాటి సుంకము పోవలెను, దేశమంతట ఒకే నాణెము రావలెను అనునవి అందలి షరతులు. లికిన్ అనగా మన రహదారి సుంకమునకు తోబుట్టువే. అది 1931 వరకు పోలేదు.

హైదరాబాదు తన నాణెమును తానే సవరించుకొనెను. 1904 ప్రాంతమున చార్మినారు ముద్రతో కొత్త రూపాయి వెలువడెను. అందు మేలి వెండి సుమారు 141 గ్రెయిన్లు, కల్దారులో 165. క్రమముగా 100 కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అను రేటు స్థిరపడెను. అనగా ఆరింటికి ఏడు. రెండు నాణెములలోని వెండి నిష్పత్తియు ఇంచుమించు అదే. 1918లో వెండి కరవై కాగితపు నోట్లును వచ్చెను.

1950 నుండి భారత రూపాయి ప్రక్కన నడచి, 1959లో హాలీ సిక్కా చలామణి ముగిసెను. ఆ తుది మార్పిడియు ఆరింటికి ఏడు లెక్కననే జరిగినది.