కంటిరెప్ప: అంధత్వానికీ అందానికీ నడుమ



రెప్పకు శస్త్రచికిత్స అనగానే అది అందానికి సంబంధించినదనీ, ప్రభుత్వ పథకాలకు చెందదనీ చాలామంది భావిస్తారు. చరిత్ర వేరొక సంగతి చెబుతుంది.

స్వతంత్ర భారతంలో 1963లోనే జాతీయ ట్రకోమా నివారణ కార్యక్రమం ఆరంభమైంది. ఆ వ్యాధిలో రెప్ప లోపలి పొర మచ్చకట్టి లోనికి ముడుచుకుంటుంది. వెంట్రుకలు నల్లగుడ్డును గీరి, పువ్వు వేసి, చూపు పోతుంది. అనగా ఆనాడు ప్రజాధనం రెప్పను కాపాడుటకే వ్యయమైంది.

1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం వచ్చింది. చూపు 6/60 కన్న తగ్గితే అంధత్వమన్నది 2017 వరకు దాని కొలమానంగా ఉండేది. 1994 నుండి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా 7 రాష్ట్రాలలో కోటిన్నరకు పైగా శుక్లాల శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ మేలు అపారం. అయితే అంకెలన్నీ శుక్లాలవే అయ్యాయి. రెప్ప మరుగున పడింది.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, జాబితాలోని చికిత్సలకు మాత్రమే, ముందస్తు అనుమతితో నిధులిచ్చే పద్ధతిని తెచ్చింది. 2018 నాటి ఆయుష్మాన్ భారత్ సౌందర్య చికిత్సలను మినహాయించింది. పరిమితమైన ధనానికి ఈ హద్దు న్యాయమే. సంపన్న దేశాలలోనూ ఇదే తీరు. బ్రిటన్‌లో వాలిన రెప్ప చూపునకు అడ్డమైతేనే ప్రభుత్వ వ్యయంతో సరిచేస్తారు. అమెరికా మెడికేర్‌లో, ఆసుపత్రులలో చేసే ఈ చికిత్సకు 2020 నుండి ముందస్తు అనుమతి తప్పనిసరి.

చిక్కల్లా గీత ఎక్కడ గీయాలన్నదే. ముఖ పక్షవాతం వల్లనో, కుష్ఠు వల్లనో రెప్ప మూతపడని వ్యక్తికి నేడు 6/6 చూపు ఉండవచ్చు. కాని తడి ఆరిన నల్లగుడ్డు పుండుపడితే ఆ చూపు నిలువదు. చూపు అంకె ఒక్కటే చూచేవారికి ఈ ప్రమాదం కనబడదు.

కనుక కొల్లేటి లంక గ్రామాల వారైనా, తాడేపల్లిగూడెం వారైనా వాలిన రెప్పను ముసలితనమని, మూతపడని కంటిని తలరాతని విడిచిపెట్టవద్దు. ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి వంటి చోట నేత్రవైద్యునికి చూపించండి. రెప్ప పూర్తిగా మూసుకుంటున్నదా, కనుపాపను ఎంత కప్పుతున్నది, నల్లగుడ్డుకు గాయమున్నదా అన్న మూడు సంగతులూ చీటీలో వ్రాయించుకొని, ఛాయాచిత్రం జతపరచమని కోరండి. ఆపై పథకం సహాయకుని వద్ద ఆ చికిత్స జాబితాలో ఉన్నదేమో విచారించండి. ‘రెప్ప ఆపరేషన్’ అన్న ఒక్క మాట వ్రాస్తే అది అందం ఖాతాలో పడవచ్చు. చూపునకు జరిగే హాని వ్రాస్తే అనుమతి ఇచ్చేవారికి అసలు అవసరం తెలుస్తుంది.