దవడ నొప్పికి నాలుక, ముఖ కండరాల వ్యాయామం

ఓర్పును మెచ్చుకునేటప్పుడు ‘పంటి బిగువున భరించాడు’ అంటాం. దవడ నొప్పి విషయంలో ఆ బిగువే చాలామందికి ఒక కారణం. బరువులు ఎత్తేటప్పుడు, యంత్రం ముందు ఏకాగ్రతతో నిలబడినప్పుడు, ఆందోళనలో, చివరికి నిద్రలోనూ పళ్లు బిగించే అలవాటు తెలియకుండానే ఏర్పడుతుంది. ఉక్కు పరిశ్రమను నమ్ముకుని తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో, సువర్ణరేఖ తీరాన ఉన్న భుయ్యాడీహ్ వంటి పేటల్లో ఈ విషయం తెలిసి ఉండటం మేలు. ఈ వ్యాయామాలకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

చెవి ముందు వేలు ఉంచి నోరు తెరిస్తే వేలి కింద కదిలేదే దవడ కీలు. నమిలేటప్పుడు చెంపపై ఉబ్బే కండరం, కణతపై విసనకర్రలా పరుచుకున్న కండరం, లోపలి వైపున్న మరికొన్ని కలిసి దాన్ని నడిపిస్తాయి. ఇవి అలసి బిగుసుకుంటే నొప్పి చెవికీ కణతకూ పాకుతుంది. అందుకే కొందరు ముందుగా చెవి వైద్యుల దగ్గరకు వెళతారు.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. పెద్దవారి నోరు సాధారణంగా వారి మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటుంది. అంత తెరుచుకోకపోతే, పైగా వక్క కలిసిన గుట్కా, పాన్ మసాలా నమిలే అలవాటు ఉంటే, దాన్ని కండరాల బిగువుగా కొట్టిపారేయకూడదు. వక్క వల్ల నోటి లోపలి పొర కింద పీచు పేరుకుని చెంపలు గట్టిపడే వ్యాధి వస్తుంది. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో నిర్ధారించింది. ఇలాంటివారు అలవాటు మానేసి, వెంటనే దంత వైద్యులకు నోరు చూపించుకోవాలి.

కండరాల నొప్పేనని వైద్యులు తేల్చాక తొలి పాఠం నాలుక విశ్రాంతి స్థానం. ‘న’ పలకబోయి ఆగితే నాలుక కొస పై పళ్ల వెనుక ఉన్న చిగురు గట్టుపై నిలుస్తుంది. ‘త’ అన్నప్పటిలా పళ్లను తాకకూడదు, ‘ణ’ అన్నప్పటిలా వెనక్కి మడవనూ కూడదు. పెదవులు కలిసి, పళ్లు విడిగా, శ్వాస ముక్కుతో సాగాలి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు కింది పళ్లు కలవాల్సిన పనే లేదు. ఇది విన్నవారిలో చాలామంది ఆశ్చర్యపోతారు.

నాలుకను అక్కడే ఆనించి, అది జారనంత మేరకే నోటిని మెల్లగా తెరిచి మూయడం తరువాతి మెట్టు. చిలీ ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో రూపొందించిన పద్ధతిలో ఇలాంటి ఆరు కదలికలను ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు చేస్తారు. మెడ, భుజాల భంగిమ కూడా అందులో భాగమే. వెచ్చని తడిగుడ్డ కాపడం పెట్టి, చెంప కండరాన్ని వేళ్లతో నెమ్మదిగా గుండ్రంగా మర్దన చేస్తే బిగువు సడలుతుంది. నొప్పి పెరిగితే ఆపాలి.

ముఖ కండరాల శిక్షణ కొత్తదేమీ కాదు. అమెరికా దంత వైద్యుడు ఆల్ఫ్రెడ్ రోజర్స్ 1918 నాటికే దాని గురించి రాశారు. అయితే ఆయన దృష్టి పళ్ల వరుసపైనే ఉంది. నొప్పికి సంబంధించి, బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023లో ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలను, ఆలోచనా ధోరణిని మార్చే చికిత్సను గట్టిగా సిఫారసు చేశాయి. నాలుక సాధన ఒక్కటే సర్వరోగ నివారిణి అని చెప్పే ప్రచారాలకు అంతటి ఆధారం లేదు.

శ్రమపడినప్పుడు దవడ నొప్పితో పాటు చెమట, ఆయాసం, ఛాతీలో బరువు కనిపిస్తే అది గుండెపోటు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నోరు హఠాత్తుగా బిగుసుకుపోయినా, వాపు, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం పనికిరాదు. మిగిలినవారు కొన్ని వారాలు గట్టి వేరుశనగ ఉండలు, చెరకు ముక్కలు పక్కన పెట్టి మెత్తని అన్నం, ఇడ్లీ తినడం మంచిది. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి.