వదిలేసిన సగం పేరు

మనవాళ్లు మెర్సిడెస్-బెంజ్‌ను ‘బెంజి కారు’ అనేస్తారు. మొదటి సగానికి నోరు తిరగదనో ఏమో, వదిలేశారు. కథంతా ఆ సగంలోనే ఉంది.

మెర్సిడెస్ స్పానిష్ ఆడపేరు. కరుణ అనే అర్థంతో, మేరీమాత బిరుదు మీదుగా వచ్చింది. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి 1889లో పుట్టిన కూతుర్ని ఆ పేరుతో పిలుచుకున్నాడు. దాని మీద ఆయనకెంత గురంటే, 1899లో ఫ్రాన్స్‌లోని నీస్ కారు పందేల్లో తన బండిని ‘మెర్సిడెస్’ అనే మారుపేరుతో దించాడు. మరుసటి ఏడు డైమ్లర్ కంపెనీకి 36 కార్లు ఆర్డరిచ్చి, కొత్త ఇంజనుకు కూతురి పేరే పెట్టాలన్నాడు. విల్‌హెల్మ్ మైబాక్ రూపొందించిన ఆ 35 హార్స్‌పవర్ బండి 1901లో నీస్‌లో గెలుపు మీద గెలుపు కొట్టి శ్రీమంతుల కంట్లో పడింది. 1902లో పేరు ట్రేడ్‌మార్కయింది. 1903లో తండ్రి తన ఇంటిపేరునే యెల్లినెక్-మెర్సిడెస్‌గా మార్చుకున్నాడు! కూతురి పేరు తండ్రికి ఇంటిపేరు కావడం ఎక్కడైనా విన్నామా?

బెంజ్ మాత్రం కార్ల్ బెంజ్ ఇంటిపేరు. 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందిన మనిషి. డైమ్లర్, బెంజ్ కంపెనీలు రెండూ 1926లో కలిశాకే జంటపేరు పుట్టింది. తెలుగులో ‘వాడికేం, బెంజి కారులో తిరుగుతున్నాడు’ అంటే చెబుతున్నది కారు సంగతి కాదు, డబ్బు సంగతి.