సార్వత్రికం, సార్వజనీనం: తెలుగునాట దూరవిద్య తొలిదశపై ఒక పరిశీలన

భారతదేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ శాసనం ద్వారా ఏర్పడింది. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకటరామిరెడ్డి. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన ఆయన, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీకీ తొలి ఉపకులపతి అయ్యారు. ఈ సంస్థ చరిత్రను విద్యాపాలన దృష్టితో చూసిన రచనలు ఉన్నాయి. దాని పేరును భాషాదృష్టితో చూస్తే మరొక సంగతి బయటపడుతుంది.

ఆంగ్లంలోని ‘ఓపెన్’ తలుపునకు సంబంధించిన మాట. రాంరెడ్డి 1988లో సంపాదకత్వం వహించిన గ్రంథానికి పెట్టిన ‘ఓపెన్ యూనివర్సిటీస్: ది ఐవరీ టవర్స్ త్రోన్ ఓపెన్’ అన్న పేరులోనూ ఉన్నది ఆ తలుపే. హిందీవారు దీనిని ‘ముక్త విశ్వవిద్యాలయం’ అన్నారు. తెలుగులో స్థిరపడిన పేరు ‘సార్వత్రిక విశ్వవిద్యాలయం’. ‘సర్వత్ర’ అంటే అన్నిచోట్లా అని అర్థం. అంటే తెలుగు పేరు తలుపును విడిచి స్థలాన్ని పట్టుకొన్నది. అందరికీ అన్న అర్థం కావలసివస్తే ‘సార్వజనీన’ శబ్దం సిద్ధంగానే ఉంది. వయోజన ఓటుహక్కు చర్చల్లో అది వాడుకలో ఉన్న మాటే. అయితే ‘సార్వత్రిక ఎన్నికలు’ అన్న పలుకుబడి వల్ల, అన్నిచోట్లా జరిగేది అందరికీ చెందినదే అన్న భావన తెలుగు పాఠకునికి అప్పటికే అలవడింది. ఈ పేరు ఎంపికలో ఆ అలవాటు తోడ్పడి ఉంటుందనుకోవడం అసంగతం కాదు.

అన్నిచోట్లకూ చేరడం, అందరికీ చెందడం ఒకటేనా అన్నది అసలు ప్రశ్న. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే ఉత్తరప్రత్యుత్తరాల ద్వారా విద్య ప్రారంభించింది. పాఠం టపాలో ఊరికి చేరింది. ప్రవేశార్హత మాత్రం తరగతి గదిదే. ఇంటర్మీడియట్ లేనివానికి టపా వచ్చినా పట్టా రాదు. 1982 నాటి సంస్థ ఈ ముడిని విప్పింది. నిర్ణీత వయసు నిండినవారు, పూర్వవిద్య లేకపోయినా, అర్హత పరీక్షలో నెగ్గితే పట్టా చదువులో చేరే వీలుండేది. బడి మధ్యలో మాన్పించి పెళ్లి చేసిన స్త్రీకి, పనిలో కుదిరిపోయిన యువకునికి ఈ వెసులుబాటు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అధ్యయన కేంద్రాలను ఉన్న కళాశాలల్లోనే నెలకొల్పి, సెలవుదినాల్లో సంప్రదింపు తరగతులు జరపడంతో పని మానుకోవలసిన అవసరమూ తప్పింది.

అర్హత కన్నా కష్టమైనది భాష. అధ్యాపకుడు ఎదుట లేనప్పుడు పాఠమే అధ్యాపకుడు కావాలి. అందువల్ల ఈ సంస్థ తెలుగు మాధ్యమ పాఠాలు చిన్న భాగాలుగా, మొదట లక్ష్యాలు చెప్పి, నడుమ ప్రశ్నలు వేసి, జవాబులు సరిచూసుకొమ్మంటూ సాగుతాయి. చదువరిని ‘మీరు’ అని సంబోధిస్తాయి. విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ తప్పినవానిని గౌరవవాచకంతో పలకరించడం తెలుగు శాస్త్రవచన చరిత్రలో చిన్న విషయమేమీ కాదు. పారిభాషిక పదాల బరువు ఈ పాఠాలనూ వదలలేదన్నది వేరే మాట.

1991లో సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. అది ఆయన శతజయంతి సందర్భం. ఆ పేరు ఇక్కడికి కేవలం గౌరవార్థం వచ్చినది కాదనడానికి ఒక ఆధారం ఉంది. అంబేడ్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో ఔరంగాబాదులో కళాశాల తెరిచింది. అదే తరువాత మిళింద్ మహావిద్యాలయం. ఔరంగాబాదు అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోనిది. చదువుకు దూరంగా ఉంచిన ప్రాంతానికి, చదువుకు దూరంగా ఉంచిన జనానికి ఒకేసారి కళాశాలను చేర్చిన ప్రయత్నమది. సార్వత్రికమూ సార్వజనీనమూ అక్కడ కలిశాయి.

నేడు దేశవిదేశాల విశ్వవిద్యాలయాలు వైవిధ్యం, సమ్మిళితత్వం అంశాలపై ఆన్‌లైన్ నాయకత్వ శిక్షణలు ప్రారంభిస్తున్నాయి. ‘సమ్మిళిత’ శబ్దం పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో ‘సమ్మిళిత వృద్ధి’ రూపంలో పత్రికల్లో బాగా వినబడింది. ‘మిళితం’ అంటే కలిసిపోయినది. కలిసిపోతే వైవిధ్యం ఎక్కడ మిగులుతుందన్న చిక్కు ఆ అనువాదంలోనే ఉంది. ఈ శిక్షణల్లో నాయకుడంటే చాలావరకు ఇప్పటికే పదవిలో ఉండి, ఇతరులకు చోటివ్వవలసినవాడు. 1982 నాటి ప్రణాళికలో చోటు అడిగేవాడే విద్యార్థి. ఈ తేడాను గమనించకుండా రెండింటినీ ఒకే వరుసలో పెట్టడం సరికాదు.

మాధ్యమంలోనూ తేడా ఉంది. అచ్చు పాఠం ఇంట్లో చేతులు మారేది; రేడియో పాఠం పక్కవారికీ వినబడేది. 2017లో ప్రారంభమైన స్వయం వేదిక వంటి చోట్ల ప్రవేశం ఒక్కొక్కరి పేరున, ఒక్కొక్కరి సంకేతపదంతో జరుగుతుంది. ఫోను, డేటా, తరచుగా ఆంగ్లమూ కావాలి. ఊరూరికీ అందుతున్నది కనుక ఇదీ సార్వత్రికమే. 1982 నాటి అర్హత పరీక్ష చేసిన పనిని ఇక్కడ ఏది చేస్తున్నదో విడిగా పరిశీలించాలి. ఆ పరిశీలనకు తొలి దశాబ్దపు తెలుగు పాఠ్యగ్రంథాలే మొదటి ఆకరాలు. సిలబస్ మారినప్పుడల్లా పాత ముద్రణలు పక్కకు పోయే స్వభావం గలవి కనుక, వాటిని తెలుగు శాఖల గ్రంథాలయాలు సేకరించి భద్రపరచవలసి ఉంది.